శ్రీహరికోట నేర్పిన పాఠం: ఏరోస్పేస్ ఇంజినీరింగ్ అంటే ఏమిటి?

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి నింగికెగసిన ఎస్ఎల్‌వీ-3 రాకెట్ కక్ష్యను చేరలేకపోయింది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో లోపం తలెత్తడంతో అది బంగాళాఖాతంలో కూలిపోయింది. శాస్త్రవేత్తలు కారణాన్ని శోధించి, లోపాన్ని సవరించారు. 1980 జులై 18న అదే శ్రేణి రాకెట్ 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. స్వదేశీ రాకెట్‌తో ఉపగ్రహాన్ని ప్రయోగించగల దేశాల సరసన భారత్ చేరింది. ఈ ఏడాది కాలంలో సాగిన పరిశోధన, పరీక్ష, దిద్దుబాటు ఏరోస్పేస్ ఇంజినీరింగ్ స్వభావాన్ని చాటుతాయి.

రెండు శాఖలు, నాలుగు పునాదులు

వాతావరణంలో ఎగిరే విమానాలు, హెలికాప్టర్లు, డ్రోన్ల అధ్యయనం ఏరోనాటికల్ శాఖ పరిధిలోకి వస్తుంది. వాతావరణం దాటి పయనించే రాకెట్లు, ఉపగ్రహాలు ఆస్ట్రోనాటికల్ శాఖకు చెందుతాయి. రెండింటికీ పునాదులు నాలుగు: గాలి ప్రవాహాన్ని వివరించే వాయుగతిశాస్త్రం, ఇంజిన్లకు సంబంధించిన చోదనశాస్త్రం, దృఢత్వాన్ని లెక్కగట్టే నిర్మాణశాస్త్రం, గమనాన్ని అదుపు చేసే నియంత్రణశాస్త్రం.

ఈ నాలుగింటినీ ముడివేసేది బరువు. ఎస్ఎల్‌వీ-3 బరువు 17 టన్నులు కాగా, అది కక్ష్యకు మోయగలిగింది సుమారు 40 కిలోలు మాత్రమే. రాకెట్ బరువులో అత్యధిక భాగం ఇంధనానిదే. విమానాల విషయంలోనూ ఇదే ఇబ్బంది ఉంది. వాటి భాగాలను సాధారణంగా అవి ఎదుర్కొనే గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకునేలా రూపొందిస్తారు. అంతకుమించి దృఢత్వం పెంచితే బరువు పెరిగి విమానం ప్రయోజనం తగ్గుతుంది. అందుకే ఈ రంగంలో లెక్కకు, పరీక్షకు అంతటి ప్రాధాన్యం ఉంది.

ఎత్తు కన్నా వేగమే కష్టం

కక్ష్య అంటే కేవలం ఎత్తు అని చాలామంది భావిస్తారు. భూమికి సమీప కక్ష్యలో ఉపగ్రహం నిలవాలంటే సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్ల వేగం కావాలి. ఆ వేగం అందకపోతే, ఎంత ఎత్తుకు వెళ్లిన రాకెట్ అయినా తిరిగి కిందికి వస్తుంది. హైదరాబాద్‌కు చెందిన స్కైరూట్ సంస్థ 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన విక్రమ్-ఎస్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరి సముద్రంలో పడింది. కక్ష్యకు వెళ్లడం ఆ ప్రయోగ లక్ష్యం కాదు. దేశంలో ప్రైవేటు సంస్థ రూపొందించి ప్రయోగించిన తొలి రాకెట్‌గా అది నిలిచింది.

శ్రీహరికోట స్థానం కూడా వేగానికి తోడ్పడుతుంది. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది గనుక, తూర్పు దిశగా సాగే రాకెట్‌కు అక్కడ సెకనుకు దాదాపు 450 మీటర్ల వేగం ముందే సమకూరుతుంది. ఆ దిశలో విశాలమైన సముద్రం ఉండటంతో, ఖాళీ అయిన దశలు జనావాసాలపై పడే ప్రమాదమూ తక్కువే.

చదువు, ఉపాధి

భారతీయ విజ్ఞాన సంస్థ 1942లోనే బెంగళూరులో ఏరోనాటికల్ విభాగాన్ని నెలకొల్పింది. ఇప్పుడు తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీ, పలు ఐఐటీలు ఈ కోర్సులను అందిస్తున్నాయి. ఐఐటీ హైదరాబాద్‌లో మెకానికల్, ఏరోస్పేస్ విభాగాలు ఒకే గొడుగు కింద ఉన్నాయి. ఉన్నత విద్యకు దారితీసే గేట్ పరీక్షలో ఈ రంగానికి ప్రత్యేక ప్రశ్నపత్రం ఉంటుంది.

హైదరాబాద్‌లో రక్షణ పరిశోధన సంస్థకు చెందిన డీఆర్‌డీఎల్ క్షిపణులపై పనిచేస్తోంది. 1973లో ఏర్పాటైన మిధాని ప్రత్యేక లోహమిశ్రమాలను తయారు చేస్తోంది. ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల ప్రధాన కాయభాగాలు తయారవుతున్నాయి. ఇటువంటి చోట్ల లోహశాస్త్రం, మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ పట్టభద్రులూ పనిచేస్తారు. కాబట్టి ఏరోస్పేస్ సీటు రాలేదని విద్యార్థులు ఈ రంగంపై ఆశ వదులుకోనవసరం లేదు. గణితం, భౌతికశాస్త్రంలో గట్టి పునాది, ప్రయోగశాలలో చేతిపని అనుభవం ఉన్నవారికి ఇతర శాఖల నుంచీ ఇందులోకి దారి ఉంది.