వంత లేని గొంతులు

1991 జూన్ 1. ఇంకా తెల్లవారలేదు. ఫిలడెల్ఫియాలో ఒక ఆస్పత్రి దగ్గర స్పృహలో లేని మనిషిని కారులో తెచ్చి దించారు. ఫలానా అని చెప్పే కాగితం ముక్క కూడా అతని దగ్గర లేదు. కాసేపటికే ప్రాణం పోయింది. కొకైన్ మోతాదు మించిందన్నారు డాక్టర్లు. వేలిముద్రలు పంపి సరిచూస్తేగానీ పేరు తేలలేదు. డేవిడ్ రఫిన్, వయసు 50. ‘మై గర్ల్’ పాడిన మనిషి. ఆ గొంతు విన్నవాళ్లు లోకంలో కోట్లమంది ఉంటారు. ఆ ముఖం చూసి పోల్చుకోగలిగినవాళ్లు ఆ వేళ ఆ గదిలో ఒక్కరూ లేకపోయారు.

చాలాకాలంగా నన్ను వదలని సంగతి ఇది. టెంప్టేషన్స్ బృందం నుంచి ముగ్గురు గాయకులు ఒకరి తర్వాత ఒకరు దూరమయ్యారు. డేవిడ్ రఫిన్, ఎడ్డీ కెండ్రిక్స్, పాల్ విలియమ్స్. ముగ్గురివీ మామూలు గొంతులు కావు. ముగ్గురి కథా ఒకే వైపు జారింది.

బృందం 1961లో డెట్రాయిట్‌లో పుట్టింది. అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన ఎడ్డీ, పాల్ చిన్ననాటి స్నేహితులు. చర్చిలో కలిసి పాడుతూ పెరిగారు. డెట్రాయిట్‌లో ఓటిస్ విలియమ్స్, మెల్విన్ ఫ్రాంక్లిన్‌ల జట్టుతో కలిశారు. బెరీ గోర్డీ నడిపే మోటౌన్ కంపెనీ వాళ్లను తీసుకుంది. వెస్ట్ గ్రాండ్ బులవార్డ్‌లో మామూలు ఇల్లే దాని స్టూడియో. బయట ‘హిట్స్‌విల్’ అని బోర్డు. చర్చి పాటలోంచి పుట్టి ప్రేమ పాటలోకి నడిచొచ్చిన నల్లజాతీయుల సోల్ సంగీతాన్ని ఊరూరా ప్రతి ఇంట్లోకీ చేర్చిన ఇల్లు అది. మూడేళ్లపాటు వీళ్ల పాటలు పెద్దగా ఆడలేదు. 1964 మొదట్లో రఫిన్ వచ్చి చేరాడు. మిసిసిపిలో వైనాట్ అనే పల్లెలో పుట్టినవాడు. పసితనంలోనే తల్లి పోయింది, తండ్రి పాస్టరు. అతని గొంతులో ఒక గరుకుదనం ఉండేది, ఏడుపు అంచుమీద నిలబడి పాడుతున్నట్టు. స్మోకీ రాబిన్సన్ ఆ గొంతు విని, దానికోసమే ‘మై గర్ల్’ రాశాడు. 1965 మార్చిలో అది అమెరికా అంతటికీ నంబర్ వన్.

ఆ రోజుల్లో వాళ్లు వేదిక మీద నిలబడే తీరు చూడాలి. ఒకే స్టాండుకు నాలుగు మైకులు, వాటి చుట్టూ నలుగురు. కాస్త పక్కన ఇంకో మైకు, దాని దగ్గర ఆ పాట నడిపేవాడు. ఒకే రకం సూట్లు, ఒకేసారి తిరిగే భుజాలు, ఒకేసారి లేచే చేతులు. ముందున్నవాడు ఒక మాట విసిరితే ఆ నలుగురూ అందుకుని తిప్పి ఇచ్చేవాళ్లు. మెల్విన్ మంద్రం అట్టడుగున, ఎడ్డీ సన్నని పైస్థాయి అందరికంటే పైన. బుర్రకథ చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. కథకుడు ఎంత మొనగాడైనా వంతలు అందుకోకపోతే కథ కదలదు. ‘వంత పాడటం’ అనే మాటను మనం తేలికచేసి వాడతాం. అది తప్పు. పాటను మోసేది వంతే.

పక్క మైకు దగ్గర నిలబడ్డ మనిషికి మాత్రం వెనక నలుగురూ కనిపించరు. ఎదురుగా జనమే కనిపిస్తారు.

1967లో మోటౌన్‌లోనే సుప్రీమ్స్ బృందం పేరుకు ముందు డయానా రాస్ పేరు చేరింది. తన పేరూ అలాగే ముందు ఉండాలన్నాడు రఫిన్. మిగతావాళ్లతో కలిసి ప్రయాణం మానేశాడు. సొంత లిమోజీన్ కొన్నాడు, లోపలంతా మింక్ బొచ్చు పరిపించాడు. కొకైన్ అలవాటయింది. రిహార్సల్స్‌కు రావడం తగ్గింది. చివరికి కచేరీలకే రావడం తగ్గింది. 1968 జూన్‌లో తీసేశారు. అతని స్థానంలో డెనిస్ ఎడ్వర్డ్స్ వచ్చాడు. తర్వాత జరిగింది తలచుకుంటే కడుపులో దేవినట్టవుతుంది. టెంప్టేషన్స్ ఎక్కడ పాడుతుంటే అక్కడికి రఫిన్ వెళ్లేవాడు. జనంలోంచి వేదిక ఎక్కి, మైకు లాక్కుని తన పాట తాను పాడేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. అతన్ని రాకుండా ఆపడానికి బృందం కాపలా పెట్టుకోవాల్సి వచ్చింది. దాన్ని పొగరు అన్నవాళ్లున్నారు. నాకలా అనిపించదు. ఇల్లు విడిచిపోయినవాడు రాత్రిపూట అదే వీధిలోకి తిరిగొచ్చి తలుపు కొడుతున్నట్టు ఉంటుంది.

మోటౌన్ నుంచి బయటపడదామని కోర్టుకెక్కాడు, కుదరలేదు. ఒప్పందం ప్రకారం అక్కడే సోలోగా పాడాల్సి వచ్చింది. 1969లో ‘మై హోల్ వరల్డ్ ఎండెడ్’ 9వ స్థానం దాకా వెళ్లింది. గొప్ప పాట. నన్నడిగితే బృందంలో పాడినవాటికి ఏమాత్రం తీసిపోదు. కానీ అదే ఏడాది, అతను లేని టెంప్టేషన్స్ ‘క్లౌడ్ నైన్’ పాటకు మోటౌన్‌కే మొట్టమొదటి గ్రామీ అవార్డు తెచ్చిపెట్టారు. 1971లో రఫిన్ తయారుచేసిన ఒక ఆల్బమ్‌ను కంపెనీ బీరువాలో పడేసింది. అది బయటికొచ్చింది 2004లో, పాడినవాడు పోయిన పదమూడేళ్లకు. 1975లో వచ్చిన ‘వాక్ అవే ఫ్రమ్ లవ్’ మళ్లీ సరిగ్గా 9 దగ్గరే ఆగింది. ఆ తర్వాత ఆ ఎత్తుకు పోలేదు. 1982లో ఆదాయపు పన్ను కేసులో జైలుకెళ్లాడు.

రఫిన్‌ను తీసేశాక కూడా ఎడ్డీ అతని పక్షమే. కంపెనీ తమ డబ్బు లెక్కలు చూపించాలని అడుగుతూ వచ్చాడు. లోపల ఓటిస్‌తో, మెల్విన్‌తో పొసగలేదు. 1970 చివర్లో న్యూయార్క్‌లోని కోపకబానా క్లబ్‌లో మొదటి ఆట పాడి, రెండో ఆటకు రాకుండా వెళ్లిపోయాడు. అప్పటికే రికార్డు చేసిపెట్టిన ‘జస్ట్ మై ఇమాజినేషన్’ 1971 ఏప్రిల్‌లో నంబర్ వన్ అయ్యేనాటికి ఎడ్డీ బృందంలో లేడు.

ముగ్గురిలో సోలోగా బాగా నిలబడింది అతనే. 1972లో ‘గర్ల్ యూ నీడ్ ఎ చేంజ్ ఆఫ్ మైండ్’ ఏడు నిమిషాలు దాటే పాట. డిస్కో అనే మాట జనం నోట పడకముందే డిస్కో ఎలా ఉంటుందో వినిపించింది. 1973 నవంబరులో ‘కీప్ ఆన్ ట్రకిన్’ నంబర్ వన్. ఆ తర్వాత వచ్చిన ‘బూగీ డౌన్’ రెండో స్థానం. ఆ ఏడాది విన్నవాళ్లు ఎడ్డీకి ఇక తిరుగులేదు అనుకుని ఉంటారు.

ఆ 1973 వేసవిలోనే పాల్ పోయాడు.

పాల్ గురించి కాస్త నిదానంగా చెప్పాలి. అసలు చెప్పేవాళ్లే తక్కువ. టెంప్టేషన్స్ అడుగులు మొదట కూర్చింది అతనే. ఆ భుజాల ఊపు, ఆ చేతుల తిప్పుడు అతని బుర్రలో పుట్టినవి. ‘డోంట్ లుక్ బ్యాక్’లో ముందు నిలబడి పాడాడు. లోతైన, గుండెకు దగ్గరగా తగిలే గొంతు. సికిల్ సెల్ జబ్బు అతన్ని లోపల్నుంచి తినేసింది, దానిమీద తాగుడు. వేదిక పక్కన ఆక్సిజన్ సిలిండర్లు ఉంచేవాళ్లు. చివరికి ఆయాసంతో పాట సాగక, తెర వెనక రిచర్డ్ స్ట్రీట్ అనే గాయకుడు పాడుతుంటే పాల్ వేదిక మీద పెదవులు కదిపేవాడు. అడుగులు తాను కూర్చినవే, గొంతు మాత్రం ఇంకొకరిది. 1971లో తప్పుకున్నాడు.

తనకు పాట బాగా నడుస్తున్న రోజుల్లో ఎడ్డీ ఒక పని చేశాడు. చిన్ననాటి స్నేహితుణ్ని మళ్లీ మైకు దగ్గర నిలబెడదామని దగ్గరుండి సోలో పాట చేయించాడు. ‘ఫీల్ లైక్ గివిన్ అప్’ అని దాని పేరు. ఇక చాలు, వదిలేద్దామనిపిస్తోంది అని ఆ పేరుకు అర్థం. 1973 ఆగస్టు 17న హిట్స్‌విల్‌కు దగ్గర్లోనే ఓ సందులో పాల్ చనిపోయి కనిపించాడు. వయసు 34. ఆత్మహత్య అని అధికారులు తేల్చారు. అప్పటికే మోటౌన్ లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది. పాట విడుదల కాలేదు. చాలా ఏళ్లకు ఒక సంకలనంలో చోటు దొరికింది. దాన్ని వింటున్నప్పుడు పేరు గురించి ఆలోచించకుండా ఉండాలని ప్రయత్నించాను. నావల్ల కాలేదు.

ఎడ్డీ పతనం అంత హఠాత్తుగా జరగలేదు. మెల్లగా, అరిగిపోతూ. సిగరెట్లు మానలేదు. 70ల చివరికి ఆ పైస్థాయి గొంతు పలచబడింది. ఆనాటి పాటలు వింటే, వెన్నెల మసకబారినట్టు తెలుస్తుంది. మోటౌన్ విడిచి వేరే కంపెనీలకు పాడాడు, అవి నిలవలేదు. ఇంటిపేరు చివర ‘స్’ కూడా తీసేసి కెండ్రిక్ అయ్యాడు.

1985లో కాసేపు వెలుగొచ్చింది. హాల్ అండ్ ఓట్స్ అనే జంట గాయకులు చిన్నప్పటినుంచి వీళ్లను ఆరాధించినవాళ్లు. హార్లెమ్‌లోని అపోలో థియేటర్లో రఫిన్‌నీ ఎడ్డీనీ తమ పక్కన నిలబెట్టి పాడించారు. ఆ జూలైలో ఫిలడెల్ఫియాలో లైవ్ ఎయిడ్ కచేరీ వేదిక మీదకూ తీసుకెళ్లారు. ఎండలో కిక్కిరిసిన స్టేడియంలో ఇద్దరూ పాత అడుగులు వేశారు. పాల్ నేర్పిన అడుగులు. తర్వాత డెనిస్ ఎడ్వర్డ్స్‌ను కలుపుకుని ముగ్గురూ ఊళ్లు తిరిగారు. టెంప్టేషన్స్ అని పోస్టరు వేసుకునే హక్కు లేదు, ఆ పేరు ఓటిస్, మెల్విన్‌ల దగ్గర ఉండిపోయింది. ముగ్గురి పేర్లూ వేసి, ఒకప్పుడు టెంప్టేషన్స్‌లో పాడినవాళ్లు అని కింద రాసుకునేవాళ్లు. ఇంగ్లండ్‌లో కచేరీలు ముగించుకొచ్చిన కొద్దిరోజులకే రఫిన్ ఆ ఆస్పత్రికి చేరాడు.

అంత్యక్రియల ఖర్చు మైకేల్ జాక్సన్ భరించాడు. డెట్రాయిట్‌లో న్యూ బెతెల్ బాప్టిస్ట్ చర్చి నిండిపోయింది. అరీతా ఫ్రాంక్లిన్, స్టీవీ వండర్ పాడారు. స్నేహితుణ్ని సాగనంపడానికి వచ్చిన ఎడ్డీని, పిల్లల పోషణ బకాయిల కేసులో పోలీసులు అక్కడే అరెస్టు చేశారు. ఆ ఏడాదే అతనికి ఊపిరితిత్తుల కేన్సర్ బయటపడింది. కుడి ఊపిరితిత్తి తీసేశారు. 1992 అక్టోబర్ 5న, పాల్‌తో కలిసి పాడటం మొదలుపెట్టిన బర్మింగ్‌హామ్‌లోనే కన్నుమూశాడు. 52 ఏళ్లు. ఇప్పుడా ఊళ్లో అతని పేరున ఒక పార్కుంది, అందులో టెంప్టేషన్స్ ఐదుగురి విగ్రహాలున్నాయి.

‘జస్ట్ మై ఇమాజినేషన్’ను రాత్రిపూట, చప్పుడు లేనప్పుడు వినండి. పాటంతా ఎడ్డీదే, ఒక కల కంటున్నవాడి గొంతు. వయొలిన్లు అతన్ని మెల్లగా పైకెత్తుతూ పోతాయి. మధ్యలో ఒక్క పంక్తి మాత్రం వేరే గొంతు అందుకుంటుంది. లోతుగా, కాస్త అలసటగా, కల కంటున్నవాణ్ని నేలమీదికి దించుతూ. అది పాల్. ఆ ఒక్క పంక్తి పాడి వెనక్కి తప్పుకుంటాడు. ఎడ్డీ మళ్లీ అందుకుంటాడు.