గీత కత్తి పట్టిన ఇల్లు

రా నాయనా, ఇలా కూర్చో. ఇటలీ అమరోనే వైన్ సంగతి చెప్పావు కదా. వెరోనా పక్కన ద్రాక్షగుత్తులు కోసి 3, 4 నెలలు ఆరబెట్టి, మిగిలిన చిక్కటి సారాన్ని పులియబెడతారట. ఘాటు 14 శాతానికి తగ్గదట. తీసే కుటుంబం తన ఇంటిపేరే సీసా మీద వేసుకుంటుందట. మంచిదే. మన సీతమ్మధార నుంచి భీమిలి దారి పట్టి పోతే అలాంటి ఇళ్లు మనకీ ఉండేవి. సీసాలే లేవు.

మా నాన్న చెప్పేవారు, అణాలతో సంత జరిగే రోజుల మాట. గీత కుటుంబాల మగాళ్లు తెల్లారకముందే మోకు బిగించి తాటిచెట్టు ఎక్కేవారు. గెల కొసని రెండు పూటలా పల్చగా చెక్కాలి. ఎక్కువైతే గెల పాడు, తక్కువైతే కారదు. లొట్టిలో సున్నం పూస్తే తియ్యటి నీరా, లేకపోతే పొద్దెక్కేసరికి నురగెత్తే కల్లు. ఆ లెక్క తండ్రి చేతినుంచి కొడుకు చేతికి రావాల్సిందే. డబ్బుల్లేనివాడికి గోడమీద బొగ్గుగీతే ఖాతా, కోతలయ్యాక ధాన్యం కొలిచి చెరిపించుకునేవాడు. మామా అల్లుడూ ఒకే చెట్టు కిందికొస్తే ఒకరినొకరు చూడనట్టే ఉండేవారు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని పెద్దమనుషులు పగలు చుట్టుదారిన పోయేవారు. చీకటి పడ్డాక మాత్రం దగ్గరదారి గుర్తొచ్చేది!

అన్నట్టు, ఏజెన్సీలో కల్లు గీసే జీలుగు చెట్టుది వేరే కథ. ఏళ్ల తరబడి ఎదిగి, పైనుంచి కిందికి ఒక్కో గెలా వేసుకుంటూ వస్తుంది. అట్టడుగు గెల అయ్యాక చెట్టే చచ్చిపోతుంది. ఆవులించకు, అసలు సంగతికే వస్తున్నా.

1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం వచ్చింది. కల్లు గీస్తే నేరం, గీయకపోతే పస్తు. బారువ నుంచి వచ్చిన గౌతు లచ్చన్న గారు గీత కార్మికుల కోసం ఉద్యమం నడిపారు. ఆంధ్ర రాష్ట్రం విడిగా ఏర్పడ్డాక, 1954 నవంబరులో ఆ నిషేధం మీదే ప్రకాశం గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. తాటితోపులోని గొడవ కర్నూలు అసెంబ్లీ దాకా పోయిందన్నమాట.

తాగమని చెప్పడం లేదురా, తాగుడు కూల్చిన కొంపలు నేనూ చూశాను. చెట్టెక్కి చెక్కే చేతికి మాత్రం మర్యాద దక్కాలి. అమరోనే తీసేవాళ్లకు సీసా మీద పేరుంటే, నీరా దించి తాటిబెల్లం వండే మనవాళ్లకూ ఉండాలి. ఈసారి బెల్లం కొన్నప్పుడు ఎవరింటిదో అడుగు. బాగుంటే ఆ ఇంటిపేరు నలుగురికీ చెప్పు.