మగ్గపు అట్ట – గణనయంత్రపు టెల్ల

ఆదోని ప్రత్తి విపణికిని, ఎమ్మిగనూరు మగ్గములకును పేరుపొందిన పశ్చిమ కర్నూలు సీమలో, మాచాని సోమప్పగారు 1938లో ఎమ్మిగనూరున నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించిరి. అంతకు రెండేండ్ల పూర్వమే ఇంగ్లండున అలన్ ట్యూరింగు అను యువ గణితవేత్త, అప్పటికింకను పుట్టని గణనయంత్రములు ఎన్నడును దాటజాలని యెల్లను నిరూపించెను. ఈ రెండు సంగతులకు ప్రత్యక్ష సంబంధము లేదు; కాని గణనయంత్రపు వంశమూలమును వెదకినచో అది మగ్గముకడనే కానవచ్చును.

1804లో ఫ్రాన్సు దేశపు లియాన్ పట్టణమున జోసెఫ్ మారీ జకార్డు మగ్గముపై నమర్చిన సాధనమే అతని పేర మన నేతయూళ్లకును వచ్చినది. అందు పేకపోగు కొక అట్ట చొప్పున, రంధ్రములు పొడిచిన అట్టలు వరుసగా త్రాటితో కుట్టబడియుండును. రంధ్రమున్నచోట సూది అందు దూరగా కొక్కెము పడుగుపోగును పైకెత్తును. రంధ్రము లేనిచోట అట్ట సూదిని వెనుకకు నెట్టగా పోగు క్రిందనే నిలుచును. చార్లెస్ బాబేజి తన విశ్లేషణయంత్రమునకు ఈ అట్టలనే ఆజ్ఞావాహకములుగా గ్రహించెను. ఆ యంత్రము పూర్తి కాకున్నను, దానికై బెర్నూలీ సంఖ్యల గణనక్రమమును 1843లో అడా లవ్లేసు ప్రకటించెను.

మగ్గముపై కడపటి అట్ట దాటగానే మొదటిది మరల వచ్చును. నేతగాడు కాలు తీసినంతనే పని యాగును. గణనయంత్రమున నట్లు కాదు. ఆజ్ఞలు ఎచట మరలునో, ఎన్నడాగునో నడుమ పుట్టు ఫలితములే నిర్ణయించును. ఏ ఆజ్ఞాక్రమ మాగునో, ఏది యాగదో ముందే తేల్చు సార్వత్రిక విధానము కలదనుకొందము. తనకిచ్చిన ఆజ్ఞాక్రమము తన వర్ణనపైనే నడచినచో నాగునా యని ఆ విధానము నడిగి, వచ్చిన తీర్పునకు విరుద్ధముగా నడచు క్రొత్త ఆజ్ఞాక్రమమును కల్పింపవచ్చును. దీనికి దీని వర్ణననే యిచ్చినచో, ఆగునన్న నాగదు, ఆగదన్న నాగును! కావున అట్టి విధానము అసంభవము. ట్యూరింగు వాదమునకు నేటి మాటలలో సారమిదియే. అంకగణితమునకు చాలిన అవిరుద్ధ నియమవ్యవస్థ యేదియు, ఆ వ్యవస్థయందు తన్ను సాధింప వీలులేదని తానే పలుకు వాక్యమును సాధింపజాలదని 1931లో కర్ట్ గోడెలు చూపిన సత్యము దీనికి అగ్రజము.

ఈ యెల్ల యంత్రపు మాంద్యమువలని కొరత కాదు. వేగమెంత పెరిగినను తొలగదు. పెక్కు ఆజ్ఞాక్రమములకు విడివిడిగా తీర్పు చెప్పవచ్చునే గాని, అన్నిటికిని చాలు ఒక్క విధానము లేదు. ఆదోని, ఎమ్మిగనూరుల గణనశాస్త్ర విద్యార్థులు యంత్రమేమి చేయగలదో నేర్చుటతోడనే, ఏమి చేయజాలదో కూడ నేర్వవలెను. ఆ పాఠమును జకార్డు మగ్గముకడ నారంభించుట మేలు.