చైతన్య రథం

1982లో తెలుగుదేశం పార్టీ పెట్టాక ఎన్.టి. రామారావు రాష్ట్రమంతా తిరిగిన పాత షెవర్లే వ్యాన్. ప్రచారానికి వీలుగా దాన్ని మార్పించారు. నడిపింది కుమారుడు హరికృష్ణ. పైకెక్కితే వేదిక, లోపల పడక. స్నానం, భోజనం తరచూ రోడ్డు పక్కనే. 1983 జనవరి ఎన్నికల దాకా ఇదే బతుకు. తెలుగునాట కారవాన్ సంచారమంటే దీనికి మించిన ఉదాహరణ దొరకదు.

ఇవాళ అలాంటి బండితో అమరావతి ప్రాంతంలోని తుళ్లూరు వైపు వెళ్లేవారికి అసలు పరీక్ష నల్లరేగడి నేల. వాన పడితే చక్రాలను వదలదు. జాకీ దిగబడిపోతుంది గనుక కింద మందపాటి చెక్క వేయాలి. టైర్లలో గాలి పొద్దున్నే, అవి చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. వేసవిలో బ్యాటరీ నీళ్లు త్వరగా తగ్గుతాయి; డిస్టిల్డ్ వాటరే పోయాలి.

బండి కదిలేముందు గ్యాస్ సిలిండర్ కట్టేయడం తప్పనిసరి. మిరప కల్లాల పక్కన మాత్రం బస వద్దు, ఆ ఘాటుకు ఏ కిటికీ అడ్డు కాదు!