చిన్నపత్రికల్లో రాజకీయం: వొక పాత వివాదం

పదిహేనేళ్ళ కిందట విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో నేనూ, మరి నలుగురు మిత్రులూ కలిసి వొక లిఖితపత్రిక నడిపాం. వైజ్ఞానిక కల్పనాకథలు, కామిక్సు, కంప్యూటర్లు - వీటి పిచ్చి మాకు. తెలుగు ఎమ్మే చదివేవాడికి యివన్నీ యెందుకని తోటివాళ్ళు నవ్వేవాళ్ళు. చేత్తో రాసి, జిరాక్సు తీయించి, 40 ప్రతులు హాస్టళ్ళలో పంచేవాళ్ళం. మూడో సంచికతో పత్రిక రూపం మార్చాలనుకున్నాం. ముఖచిత్రం, శీర్షికలు, పేజీల అమరిక అన్నీ కొత్తవి. సరిగ్గా ఆ సంచికకే వొక మిత్రుడు వ్యాసం యిచ్చాడు. అందులో అతను వేసిన ప్రశ్న వొకటే: మనం చదివి మురిసిపోయే కథల్లో అంతరిక్షనౌకలో కెప్టెను వుంటాడు, శాస్త్రజ్ఞుడు వుంటాడు; మరి అంట్లు తోమేదెవరు? సంపాదకుణ్ణి నేను. "యిది రాజకీయం, మన పత్రికలో వద్దు" అని వ్యాసం తిప్పి యిచ్చేశాను. అతను మళ్ళీ మా గదికి రాలేదు. పత్రిక మరి రెండు సంచికలు, చాలా అందంగా, వెలువడి ఆగిపోయింది.

యిప్పుడు నేను పాఠం చెప్పే కళాశాలలో విద్యార్థులు అటువంటి పత్రికే వొకటి నడుపుతున్నారు. దాని రూపం మార్చాలి, సలహా చెప్పమని వచ్చారు. అక్షరాల సైజు గురించీ, బొమ్మల గురించీ మాట్లాడుతూంటే వొక విద్యార్థిని "రాజకీయాలు మాత్రం వద్దనుకుంటున్నాం సార్" అన్నది. నా పాత మాటే నాకు తిరిగి వినిపించింది. వాళ్ళకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. యీ మాటకు వొక చరిత్ర వుంది. యెక్కువ భాగం అమెరికాలో జరిగిన చరిత్ర అది. దాన్ని తెలుసుకోకుండా యీ విషయంలో అవుననీ కాదనీ చెప్పటం కుదరదు.

యిటువంటి అభిరుచులున్నవారిని యివాళ గర్వంగా "గీకులు" అంటున్నారు. ఆ మాట మొదట గౌరవవాచకం కాదు. యిరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా సంతల్లో, కడుపుకోసం జనం ముందు బతికివున్న కోళ్ళ తలలు కొరికి చూపే దిక్కులేని మనిషిని గీక్ అనేవారు. ఆ మాట వెలివేయబడినవాడి మీదినుంచి ఔత్సాహికుడి మీదికి, అక్కణ్ణించి మార్కెటు మీదికి యెక్కింది. యీ ప్రయాణంలో చిన్నపత్రికల పాత్ర చాలా పెద్దది.

1926 ఏప్రిల్లో న్యూయార్కులో హ్యూగో గెర్న్స్‌బాక్ "అమేజింగ్ స్టోరీస్" అనే పత్రిక ప్రారంభించాడు. కేవలం వైజ్ఞానిక కల్పనాకథలకోసం పెట్టిన పత్రికల్లో అది మొదటిది. గెర్న్స్‌బాక్ వ్యాపారి, ఉద్యమం నడపాలని అతను అనుకోలేదు. ఐతే పాఠకుల ఉత్తరాలు వేసేటప్పుడు వాటికింద వారి పూర్తి చిరునామాలు కూడా వేశాడు. యీ చిన్న యేర్పాటు పెద్ద ఫలితాన్నిచ్చింది. వొకే ఊళ్ళో వుండి వొకరినొకరు యెరగని కుర్రవాళ్ళు సంపాదకుడికి రాయటం మాని తమలో తాము రాసుకోసాగారు. సంఘాలు పెట్టుకున్నారు. 1930లో రేమండ్ పామర్ సంపాదకత్వంలో "ది కామెట్" అనే పత్రిక వెలువడింది. పాఠకులే నడుపుకున్న యిటువంటి పత్రికల్లో దాన్ని మొదటిదిగా చెప్తారు. వీటికి "ఫ్యాన్‌జైన్" అన్న పేరు పదేళ్ళ తరవాత, 1940లో, లూయీ రస్సెల్ షావెనే పెట్టాడు.

వీటిని యెట్లా అచ్చువేశారన్నది ముఖ్యం. ప్రెస్సు వీరికి అందుబాటులో లేదు. కొందరు హెక్టోగ్రాఫు వాడారు. వొక పళ్ళెంలో జెలటిను, గ్లిజరిను కలిపి కాచి గడ్డకట్టిస్తారు. వూదారంగు సిరాతో రాసిన కాగితాన్ని దానిమీద అద్దితే అక్షరాలు ఆ ముద్దలోకి దిగుతాయి. తరవాత తెల్లకాగితాలు వొక్కొక్కటే అద్ది తీస్తారు. ఆ పేరుకు నూరు అనే అర్థముంది గాని, యాభై ప్రతులకే అక్షరాలు వెలిసిపోతాయి. కొంచెం డబ్బున్నవారు మిమియోగ్రాఫు వాడారు. మన దేశంలో యెన్నో కరపత్రాలు వేసిన సైక్లోస్టైలు దానికి తోబుట్టువే. మైనపు కాగితం మీద అక్షరాలు కొట్టి, ఆ సందుల్లోంచి సిరా దింపటం రెంటికీ పద్ధతి. చందా బదులు వొక ఉత్తరం, లేదా తాము వేసే పత్రిక ప్రతి పంపినా సరిపోయేది. రచయిత, ముద్రాపకుడు, పాఠకుడు వొకే మనిషి కాగల రంగం యిది. ఉత్పత్తి సాధనం చేతికి వస్తే మనిషి మాట యెట్లా మారుతుందో చూడాలంటే యింతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఐతే సాధనం చేతిలో వుంటే చాలదు. 1933 జనవరిలో క్లీవ్‌లాండులో జెర్రీ సీగెల్, జో షూస్టర్ అనే యిద్దరు కుర్రవాళ్ళు తమ మిమియోగ్రాఫు పత్రికలో "ది రీన్ ఆఫ్ ది సూపర్‌మాన్" అనే కథ వేశారు. ఆర్థికమాంద్యపు రోజులవి. రొట్టెకోసం వరసలో నిలబడిన వొక దరిద్రుణ్ణి, కడుపునిండా తిండిపెడతానని చెప్పి, వొక శాస్త్రజ్ఞుడు తన ప్రయోగానికి తీసుకుపోతాడు. అందులో సూపర్‌మాన్ ఆ దరిద్రుడే. ప్రపంచాన్ని ఏలాలనుకునే దుష్టుడు కూడా. తరవాత యిద్దరూ ఆ పాత్రను పూర్తిగా మార్చి వీరుణ్ణి చేశారు. 1938లో 13 పేజీల మొదటి కథతోపాటు పాత్రమీద సర్వహక్కులూ 130 డాలర్లకు ప్రచురణకర్తకు రాసిచ్చారు. ఆ పాత్ర కోట్లు సంపాదించింది. సృష్టికర్తలకు యేటా 20,000 డాలర్ల భృతి, పుస్తకాలమీద వారి పేరు దక్కటానికి 1975 దాకా, అదీ పత్రికల్లో అల్లరి జరిగాక, ఆగవలసి వచ్చింది. చిన్నపత్రికలో వున్నంతకాలం రొట్టె వరస కథలో వుంది. పెద్ద మార్కెటుకు పోయేసరికి కథలో ఆ వరసా లేదు, రచయితల చేతిలో హక్కూ లేదు.

యిక అసలు వివాదానికి వద్దాం. 1937 అక్టోబరులో ఫిలడెల్ఫియాలో యీ అభిమానుల సమావేశం వొకటి జరిగింది. జాన్ మిచెల్ రాసిన ప్రసంగాన్ని అతని మిత్రుడు డొనాల్డ్ వోల్‌హైమ్ అక్కడ చదివాడు. ప్రపంచంలో ఫాసిజం పెరుగుతూంటే భవిష్యత్తు గురించి కలలు కనేవారు రేపటి సమాజం యెట్లా వుండాలో చెప్పకుండా తప్పించుకోలేరని దాని సారాంశం. 1943లో తెనాలిలో మన అభ్యుదయ రచయితలు సంఘంగా యేర్పడటానికి ఆరేళ్ళ ముందు, సాహిత్యమంటే పెద్దమనుషులు లెక్కచెయ్యని వొక మూల, యిరవై యేళ్ళ వయసు కుర్రవాళ్ళు వేసిన ప్రశ్న యిది. తీర్మానం వోడిపోయింది. మరుసటి సంవత్సరం న్యూయార్కులో వీరు "ఫ్యూచరియన్లు" అనే సంఘం పెట్టుకున్నారు. ఫ్రెడరిక్ పోల్, సిరిల్ కార్న్‌బ్లూత్, రాబర్ట్ లౌండెస్, ఐజక్ ఆసిమోవ్ అందులోవారే.

1939 జులై 2న న్యూయార్కులో మొదటి ప్రపంచ వైజ్ఞానిక కల్పనాకథల మహాసభ ప్రారంభమైంది. హాజరైనవారు సుమారు 200 మంది. నిర్వాహకుల్లో ముఖ్యుడు శామ్ మోస్కోవిట్జ్, అతనూ పందొమ్మిదేళ్ళవాడే. నిర్వాహకుల నియంతృత్వం గురించి హెచ్చరించే కరపత్రాల కట్ట వొకటి సభాస్థలంలో దొరికింది. మంచి ప్రవర్తనకు హామీ యిస్తేనే లోపలికి రానిస్తామని ఫ్యూచరియన్లతో అన్నారు. ఆరుగురు యివ్వలేదు. మిచెల్, వోల్‌హైమ్, పోల్, కార్న్‌బ్లూత్, లౌండెస్, గిలెస్పీ గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ఆసిమోవ్ లోపలికి పోయాడు. విచిత్రమేమిటంటే ఆ కరపత్రం వేసిన డేవిడ్ కైల్ కూడా లోపలే వున్నాడు.

దీన్ని వర్గపోరాటంగా చిత్రించటం తేలిక. కాని అది పూర్తి నిజం కాదు. ముఠా తగాదాలు, నాయకత్వం కోసం పోటీ, కుర్రతనపు పంతాలు రెండువైపులా వున్నాయి. మిచెల్ ప్రసంగంలో నినాదం పాలు హెచ్చు. కథ యెట్లా మారాలో ఆ తీర్మానం చెప్పలేదు. దాన్ని వోడించినవారందరూ అభివృద్ధి నిరోధకులూ కారు. వొకటి మాత్రం గమనించాలి. రాజకీయం వద్దన్నవారు కూడా సభలో యెవరుండాలో, యెవరుండరాదో నిర్ణయించారు. అది రాజకీయం కాకపోతే మరేమిటి? తరవాత మోస్కోవిట్జ్ ఆ కాలపు చరిత్ర "ది ఇమ్మోర్టల్ స్టార్మ్" రాశాడు. అది 1954లో పుస్తకంగా వచ్చింది. తలుపు వేసినవాడే చరిత్రకారుడయ్యాడు.

తలుపు బయట వున్నవారు యేమయ్యారు? వారిలో పోల్, కార్న్‌బ్లూత్ కలిసి రాసిన "ది స్పేస్ మర్చంట్స్" నవల 1953లో వెలువడింది. పోల్ కొంతకాలం ప్రకటనల వ్యాపారంలో పనిచేసినవాడు; ఆ లోకం లోపలినుంచి తెలుసు. ఆ నవలలో ప్రపంచాన్ని ప్రకటనల కంపెనీలు ఏలుతూంటాయి. శుక్రగ్రహానికి జనాన్ని తోలటానికి ప్రచారం రాసే కథానాయకుడు హఠాత్తుగా తన పేరూ హోదా పోగొట్టుకుని, కోస్టారికాలో నాచు పండించే తోటలో వొప్పందపు కూలీ అవుతాడు. జీతం కంటే అప్పు వేగంగా పెరిగే కూలీ. 1937 నాటి తీర్మానం చెయ్యలేని పనిని యీ కథ చేసింది. భవిష్యత్తులో చాకిరీ యెవరిదో చూపించింది. యీ నవల చదివినప్పుడు నాకు మా మిత్రుడి అంట్ల ప్రశ్న గుర్తొచ్చింది. అతను అడిగింది అభిరుచికి బయటి ప్రశ్న కాదు. ఆ అభిరుచి నడిబొడ్డున వున్న ప్రశ్న.

యిదే వివాదం 36 ఏళ్ళ తరవాత కంప్యూటరు ఔత్సాహికుల మధ్య మరో రూపంలో వచ్చింది. 1975 మార్చి 5న కాలిఫోర్నియాలో మెన్లోపార్కులోని వొక కారుషెడ్డులో "హోంబ్రూ కంప్యూటర్ క్లబ్" సమావేశమైంది. దాన్ని పిలిచినవారిలో వొకడు ఫ్రెడ్ మూర్. 1959లో విశ్వవిద్యాలయంలో నిర్బంధ సైనికశిక్షణకు వ్యతిరేకంగా నిరాహారదీక్ష చేసిన శాంతివాది యితను. క్లబ్బు పత్రికకు మొదట అతనే సంపాదకుడు. తెలిసింది పదిమందితో పంచుకోవాలన్నది అక్కడి ఆచారం. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో ఆ పత్రికలోనే బిల్ గేట్స్ బహిరంగలేఖ అచ్చయింది. తమ బేసిక్ ప్రోగ్రామును డబ్బివ్వకుండా నకలు చేసుకోవటం దొంగతనమన్నాడు. దాన్ని తయారుచెయ్యటానికి వాడిన కంప్యూటరు కాలం విలువ 40,000 డాలర్లకు పైనని లెక్కచెప్పాడు. ఆ కంప్యూటరు హార్వర్డు విశ్వవిద్యాలయానిది. అమెరికా రక్షణశాఖ నిధులతో నడిచేది.

గేట్స్ అడిగినదాంట్లో న్యాయం లేకపోలేదు. శ్రమకు ప్రతిఫలం లేకపోతే యేమవుతుందో సీగెల్, షూస్టర్ల కథ చెప్తూనే వుంది. కాని ప్రతిఫలం వేరు, యాజమాన్యం వేరు. 130 డాలర్లు తీసుకున్నవారికి యాజమాన్యం పోయింది. ప్రజల యంత్రం మీద పనిచేసినవాడికి యాజమాన్యం వచ్చింది. రెండు సందర్భాల్లోనూ చట్టం ఆస్తి పక్షానే నిలబడింది. దీనికి మరో జవాబు కూడా ఆ 1976లోనే వచ్చింది. లీచెన్ వాంగ్ అనే ఔత్సాహికుడు తాను రాసిన చిన్న బేసిక్ ప్రోగ్రామును అచ్చుకిస్తూ, కాపీరైటు మాటను తలకిందులు చేసి "కాపీలెఫ్ట్" అని రాశాడు. పరిహాసంగా అన్న ఆ మాట తరవాత స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమానికి సిద్ధాంతమయింది.

యింత చరిత్రా చూశాక మా విద్యార్థులకు చెప్పదగింది నాకు కొంత తేలింది. పత్రిక రూపం మార్చటమంటే అలంకారం మార్చటం కాదు. గెర్న్స్‌బాక్ ఉత్తరాలకింద చిరునామా వెయ్యటం రూపానికి సంబంధించిన నిర్ణయమే. దాన్నుంచి వొక సమాజం పుట్టింది. గుమ్మం దగ్గర హామీ అడగటం కూడా రూపమే. దానివల్ల ఆరుగురు బయట మిగిలారు. ప్రతి సంచికలోనూ సంపాదకుడికి నచ్చని ప్రశ్నకు వొక పేజీ వదలమని వారికి చెప్పాను. రాజకీయం వద్దన్న విద్యార్థిని చాలాసేపు వాదించింది. నినాదాలు వస్తే చదివేవాళ్ళు పోతారన్నది ఆమె భయం. ఆ భయం నిరాధారం కాదని వొప్పుకున్నాను. చివరికి పేజీ వుంచటానికి అంగీకరించారు. అందులో వచ్చేది నినాదం కాక ప్రశ్న కావాలని ఆమె షరతు పెట్టింది. మంచి షరతు.

మొదటి సంచికలో ఆ పేజీకి యెవరి రచన వెయ్యాలన్నారు. పదిహేనేళ్ళ కింద నేను తిప్పి యిచ్చిన వ్యాసం సంగతి వాళ్ళకు చెప్పాను. దాని ప్రతి నా దగ్గర లేదు. ఆ మిత్రుడి చిరునామా వెతికి పట్టుకుని, మళ్ళీ రాసి పంపమని ఉత్తరం రాశాను. యింకా జవాబు రాలేదు.