వాటా వేరు, గట్టు వేరు

2024 లోక్‌సభ ఎన్నికల నాటికి మల్కాజిగిరి ఓటర్ల జాబితాలో 37 లక్షలకు పైగా పేర్లున్నాయి. తెలంగాణ ఓటర్లు సుమారు 3.3 కోట్లు. 17 స్థానాలకూ సమంగా పంచితే ఒక్కోదానికి 19 లక్షల చిల్లర వస్తుంది. ఇద్దరు ఎంపీలు మోయాల్సిన బరువు అక్కడ ఒక్కరి మీద పడింది. పోనీ అది పాతకాలపు నియోజకవర్గమా అంటే కాదు. 2001 జనాభా లెక్కలతో జస్టిస్ కుల్‌దీప్ సింగ్ కమిషన్ చేసిన పునర్విభజనలో పుట్టి, 2009లో తొలి ఎన్నిక చూసింది.

అయితే ఈ అంకెను ఆచితూచి వాడాలి. పునర్విభజనకు కొలత జనాభా, ఓటర్ల సంఖ్య కాదు. సొంతూళ్లో ఓటు ఉంచుకుని నగరంలో బతికేవాళ్లున్నారు, ఇల్లు మారినా పాత పేరు తీయించుకోనివాళ్లూ ఉన్నారు. 2021 జనగణన వాయిదా పడడంతో, సరిచూసుకోవడానికి 2011 లెక్కలే మిగిలాయి.

పునర్విభజన, అంటే డీలిమిటేషన్, అన్న ఒక్క మాట కింద రెండు పనులున్నాయి: రాష్ట్రాల మధ్య వాటా తేల్చడం, రాష్ట్రం లోపల గట్లు వేయడం. వాటాను 1976లో 42వ రాజ్యాంగ సవరణ 1971 లెక్కల దగ్గర ఆపేసింది. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదన్నది అప్పటి వాదన. 84వ సవరణ ఆ స్తంభనను 2026 తర్వాతి తొలి జనగణన దాకా పొడిగించింది.

ఈలోగా జనం లెక్క మారింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 1971లో 4.35 కోట్లు, దేశంలో 7.9 శాతం. 2011లో 8.46 కోట్లు, అంటే 7 శాతం. ఇప్పటి 543 స్థానాలను 2011 జనాభా ప్రకారం పంచితే రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి 42 బదులు 38 వస్తాయి. కేరళ 20 నుంచి 15కి దిగుతుంది. ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ కలిసి 85 నుంచి 94కి చేరతాయి. చిన్న రాష్ట్రాల కనీస స్థానాలను పక్కనపెట్టి నేను వేసిన లెక్క ఇది, ఒకటి అటూఇటూ కావచ్చు. సభను సగం పెంచి 815 చేస్తే మనకు 57 వస్తాయి. ఎవరి స్థానాలూ తగ్గలేదని చెప్పుకోవచ్చు గానీ, సభలో ఓటింగు రోజున పనికొచ్చేది వాటాయే. అది 7.7 శాతం నుంచి 7కి పడిపోతుంది.

ఈ తగ్గుదలంతా కుటుంబ నియంత్రణ ఫలితమేనని కూడా అనలేం. వలసల ప్రభావాన్ని విడదీసి చూడాలి.

మల్కాజిగిరి సమస్యకూ ఈ వాటా తగువుకూ ముడి వేయడం పొరపాటని నా అభిప్రాయం. అక్కడి బరువు దించడానికి ఏ రాష్ట్రం వాటానూ ముట్టుకోనక్కర్లేదు, 17 స్థానాల మధ్య గట్లు జరిపితే చాలు. 2003లో 87వ సవరణ దారి చూపింది ఆ పనికే. స్థానాల సంఖ్యను 1971 దగ్గరే ఉంచి, హద్దులను మాత్రం 2001 లెక్కలతో తిరగగీయనిచ్చింది. మల్కాజిగిరి పుట్టిందీ అలాగే.