పటాన్‌చెరు పారిశ్రామిక వాడలో ఆటిజం: మెదడులోని ఉత్పరివర్తనాలు చెప్పేదెంత?

పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం కార్మిక వాడల్లో మూడేళ్ళు దాటినా మాట రాని పిల్లవాడి గురించి ఎవరిని కదిపినా రెండు కారణాలు వినిపిస్తాయి: ఫ్యాక్టరీల నీళ్ళు, మేనరికం. రెండూ కుదరకపోతే వేలు తల్లి వైపు తిరుగుతుంది. కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నదో, ఏ మందు వేసుకున్నదో అని ఆరాలు మొదలవుతాయి. మెదడులోని ఉత్పరివర్తనాలపై జరిగిన పరిశోధన ఈ నిందల్లో చివరిదాన్ని దాదాపుగా కొట్టేస్తుందనీ, మొదటిదాన్ని మాత్రం జనం అనుకునే రీతిలో రుజువు చేయదనీ నా వాదన.

తల్లిలోనూ తండ్రిలోనూ లేని కొత్త జన్యు మార్పులు, అంటే ఉత్పరివర్తనాలు, ప్రతి బిడ్డలోనూ డజన్ల కొద్దీ ఉంటాయి. తండ్రి వయసు ఒక్కో ఏడాది పెరిగేకొద్దీ ఇవి సుమారు రెండు చొప్పున పెరుగుతాయని ఐస్‌లాండ్ కుటుంబాలపై 2012లో 'నేచర్'లో వచ్చిన అధ్యయనం తేల్చింది. తల్లిని బోనెక్కించే ఇళ్ళలో తండ్రి వయసు ఎవరూ అడగరు. ఈ మార్పుల్లో అత్యధికం నిరపాయకరమైనవే. అరుదుగా ఒకటి సీహెచ్‌డీ8, ఎస్‌సీఎన్2ఏ, షాంక్3 వంటి జన్యువును దెబ్బతీస్తే మెదడు ఎదుగుదల దారి తప్పుతుంది. 2020లో 'సెల్' పత్రికలో 35,584 మంది జన్యు సమాచారాన్ని విశ్లేషించినవారు ఇలాంటి జన్యువులు 102 గుర్తించారు. అయితే ఇంత పెద్ద దెబ్బ కనిపించేది కొద్దిమంది పిల్లల్లోనే. మిగతావారిలో చిన్న చిన్న వారసత్వ భేదాలు అనేకం కలిసి పనిచేస్తాయి. కొత్త మార్పులకు మేనరికంతో సంబంధం లేదు. మేనరికం పెంచేది తల్లిదండ్రులిద్దరి నుంచీ ఒకే లోపం సంక్రమించే అవకాశాన్ని. అది ఆటిజానికి ఉన్న దారుల్లో ఒకటి మాత్రమే.

ఇంకా లోతైన సంగతి మరొకటుంది. ఉత్పరివర్తనం అండంలోనో శుక్రకణంలోనో జరగాలని లేదు. పిండకణాలు విభజన చెందుతున్నప్పుడు ఏదో ఒక కణంలో పొరపాటు జరిగితే, దాని సంతతి కణాల్లో మాత్రమే ఆ మార్పు ఉంటుంది. బిడ్డ శరీరం రెండు రకాల కణాల మొజాయిక్ అవుతుంది. జన్యు శాస్త్రవేత్త క్రిస్టొఫర్ వాల్ష్ బృందం 5,947 కుటుంబాల సమాచారంతో 2017లో చూపినదాని ప్రకారం, కొత్త మార్పులుగా లెక్కకొచ్చినవాటిలో 7.5 శాతం ఇలా ఫలదీకరణ తర్వాత పుట్టినవే. 2021లో వారు మరణానంతరం దానంగా అందిన మెదళ్ళనే పరీక్షించారు: ఆటిజం ఉన్నవారివి 59, లేనివారివి 15. ఒక్కో మెదడులో, కనీసం 4 శాతం కణాల్లో ఉన్న ఇటువంటి మార్పులు సగటున 26 దాకా కనిపించాయి. సంఖ్యలో రెండు గుంపులకూ పెద్ద తేడా లేదు. తేడా అవి పడిన చోటులో ఉంది. ఆటిజం ఉన్న మెదళ్ళలో జన్యువులను ఎప్పుడు, ఎంత పనిచేయించాలో నిర్ణయించే భాగాల్లో అవి ఎక్కువగా కనిపించాయి.

అంటే మెదడు కణాల్లో ఉన్న మార్పు రక్తంలో ఉండకపోవచ్చు. వేలకు వేలు పోసి చేయించిన జన్యుపరీక్షలో ఏమీ తేలలేదంటే కారణం జన్యువుల్లో లేదని కాదు. బతికున్న బిడ్డ మెదడును కోసి చూడలేం. కాబట్టి ఇలాంటి పరిశోధనకు బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఉన్నటువంటి మెదడు కణజాల భాండాగారాలే దిక్కు.

ఇక నీళ్ళ సంగతి. ఇక్కడి కాలుష్యం పుకారు కాదు. దానిపై 1990లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. ఈ నేలలో ఆర్సెనిక్, క్రోమియం వంటి భార లోహాలను హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 2001లో నమోదు చేశారు. సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థ జలాలు చేరిన ఇక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటించింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఇది ఎక్కువ.

సిప్రోఫ్లాక్ససిన్ బాక్టీరియా డీఎన్‌ఏను విప్పే ఎంజైమును పట్టుకుని చంపుతుంది గనుక మన డీఎన్‌ఏనూ అలాగే కొడుతుందన్న ఊహ సహజమే. కానీ మనిషి కణాల్లోని ఎంజైము వేరు. దాన్ని అడ్డుకోవాలంటే ఎన్నో రెట్లు మోతాదు కావాలి. తల్లిదండ్రులకు సోకిన విషం బిడ్డ జన్యువుల్లో కొత్త మార్పులుగా దిగుతుందన్న వాదానికి కఠినమైన పరీక్ష చెర్నోబిల్‌లో జరిగింది. రేడియేషన్‌కు గురైనవారికి 1987 నుంచి 2002 మధ్య పుట్టిన 130 మంది జన్యురాశులను చదివితే, కొత్త మార్పులు మామూలు కన్నా ఎక్కువ లేవని 2021లో 'సైన్స్' ప్రచురించింది. ఇక్కడి వ్యర్థాలు కలిసిన నక్కవాగు పక్కన పుట్టినంత మాత్రాన జన్యువులు చెడిపోయాయనడానికి ఇంతకన్నా గట్టి ఆధారం చూపాలి.

దీనర్థం పరిశ్రమలు నిర్దోషులని కాదు. డీఎన్‌ఏలో ఒక్క అక్షరం మారకుండానే పిండం మెదడును దెబ్బతీసే పదార్థాలున్నాయి. గర్భిణి వాడిన వాల్‌ప్రొయేట్ అనే మూర్ఛ మందు ఆటిజం ముప్పును పెంచుతుందని డెన్మార్క్ అధ్యయనం 2013లో చూపింది; ఆ మందు జన్యువుల పనితీరును మారుస్తుంది. అసలు వాగునూ బావులనూ పాడుచేసినందుకు వేయాల్సిన కేసుకు ఆటిజం సాక్ష్యం అక్కర్లేదు. బలహీనమైన సాక్ష్యాన్ని జతచేస్తే కంపెనీ వకీలుకే మేలు.

ఈ వాడల్లో ఆటిజాన్ని గుర్తించడమే మొదటి చిక్కు. ఒడిశా నుంచి వచ్చిన కార్మికుడి బిడ్డ ఇంట్లో ఒడియా, పక్కింట్లో హిందీ, అంగన్‌వాడీలో తెలుగు వింటాడు. మాట ఆలస్యమైతే మూడు భాషల వల్లేనని సర్దుకుంటారు. కానీ బిస్కెట్ డబ్బా కావాలంటే వేలుపెట్టి చూపకుండా, ముఖంలోకి చూడకుండా, అమ్మ చేతిని పట్టుకుని డబ్బా మీదికి లాగే బిడ్డ సమస్య భాష కాదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ తయారుచేసిన ఐఎస్ఏఏ కొలమానం 40 అంశాల్లో ఇలాంటి ప్రవర్తననే తూకం వేస్తుంది. 70 లేదా అంతకు మించి మార్కులు వస్తే ఆటిజం కిందికి వస్తుంది. అందులో జన్యువుకు గడి లేదు, చికిత్స మొదలుపెట్టడానికి దాని అవసరమూ లేదు.

కాలుష్యం పాత్రను నిజంగా తేల్చాలంటే పాలపళ్ళతో మొదలుపెట్టవచ్చు. పిండ దశ నుంచే పంటి పొరలు ఒకదానిపై ఒకటి ఏర్పడుతూ, ఏ వారంలో ఏ లోహం ఒంట్లో చేరిందో దాచిపెడతాయి. స్వీడన్ కవలల పాలపళ్ళను లేజర్‌తో చదివిన పరిశోధకుడు మనీశ్ అరోరా బృందం, ఆటిజం ఉన్న బిడ్డ పంటిలో సీసం ఎక్కువగా ఉందని 2017లో చూపింది. మన ఇళ్ళలో ఊడిన పన్ను కప్పు మీదికి పోతుంది. ఇస్నాపూర్‌లోనూ, వాగుకు దూరంగా ఉన్న ఊళ్ళలోనూ వాటిని సేకరించి, తల్లి, తండ్రి, బిడ్డ ముగ్గురి రక్తపు జన్యు సమాచారంతో పక్కపక్కన పెట్టి చదివితే లోహం దారేదో, కనీసం రక్తంలో కనిపించే ఉత్పరివర్తనం దారేదో విడదీయవచ్చు. దానికి కావలసిన పరిశోధన సంస్థలు దూరమేమీ కాదు: ఐఐటీ ఉన్నది కందిలోనే, సీసీఎంబీ ఉన్నది హైదరాబాద్‌లోనే.